ఉప్పు పందెం రిజిస్టరు

ఈ పుస్తకం పశువులాసుపత్రిది.
ముందు నించి తిప్పితే టీకాల లెక్కలు,
వెనక నించి తిప్పితే మా పందెం.
కాంపౌండరు కాలేషా రిటైరయ్యే రోజు నా చేతిలో పెట్టి
"గెలిచినోడి పేరు తప్పు పడినా పర్లేదు పెంచలమ్మా,
ఎద్దు పేరు మాత్రం తప్పు రాయబాక" అన్నాడు.

కనిగిరి సంతబీడు నించి రామాయపట్నం రేవు దాకా
మాఘ పున్నమి వెన్నెల్లో ఆరామడ.
పెద్దోళ్ళ నాడు ఇది పందెం కాదు, బేరం.
కందులు పోసుకోని దిగి
ఉప్పు పోసుకోని ఎక్కేవాళ్ళు.
ముందు చేరిన బండికి తెల్లుప్పు,
వెనకబడ్డ బండికి మట్టి కలిసిన అడుగుప్పు.
ఇంట్లో చప్పిడి కూడు తిన్నోళ్ళెవరో
ఎద్దుల్ని మొదటిసారి పరిగెత్తించి ఉంటారు.

నేను రాసిన మొదటి పేజీలో పదకొండు బండ్లు.
రెండో పేజీలో కోర్టు కాయితం నకలు, పిన్నుతో.
ఆ రాత్రి సంతబీట్లో
మెళ్ళో గంటలతో ఎద్దులు నిలబడి నిలబడి
తెల్లారి ఇళ్ళకు పోయినయ్.
"పందెం లేదు, గంటలు మోగినయ్" అని రాశా.
పై అధికారి రెండో ముక్క కొట్టేయమన్నాడు.
కొట్టేశా. కొట్టేసినా కనపడతానే ఉంది.

తర్వాత షరతులతో ఒప్పుకున్నారు:
ముల్లుకర్ర కూడదు, చెర్నాకోల కూడదు,
ఆమడకోసారి ఆపాలి, నేను జ్వరం చూడాలి.
"కర్ర లేని తోలకం ఉప్పు లేని పప్పు" అని నవ్విన మాలకొండయ్య
పొన్నలూరు దాటేలోపే గొంతు పోయేదాకా
ఎద్దుల్ని బతిమాలాడు.
వాళ్ళావిడతో ఒక్కనాడూ అంత మెత్తగా మాట్లాడలేదంట,
ఆమే చెప్పింది, మజ్జిగ పోస్తా.

ఆ పైన మనుషులకొచ్చింది జబ్బు.
ఆ పైన ఎద్దులకొచ్చింది, ఒళ్ళంతా ముద్దలు.
ఆ ఏడు వెనక పేజీల్లో ఏం లేదు,
ముందు పేజీలు చాలక అట్టల మీద కూడా రాశా.
మాలకొండయ్య జతలో వలపటెద్దు, పాలమబ్బు,
నా ఒళ్ళో మూతి పెట్టి పోయింది.

ఇంతలో జిల్లా రెండు ముక్కలయింది.
బయల్దేరేది ప్రకాశంలో, చేరేది నెల్లూరులో,
రెండు కలెక్టరాఫీసులు, రెండు అర్జీలు.
ఎద్దులకి ఎవురూ చెప్పలా.

పోయిన మాఘానికి నాలుగే బండ్లు.
రేవు కాడ ఇప్పుడు పోర్టు కంచె.
చక్రం సముద్రంలో తడిస్తేనే చేరినట్టు, పాత లెక్క.
మూడు బండ్లోళ్ళు కంచెకి చక్రం తాకించి
ఫొటోలు దిగి, కప్పు తీసుకోని,
ఎద్దుల్ని లారీ ఎక్కించి పోయారు.
షామియానా విప్పేశారు.
నాకు కూర్చోను కుర్చీ కూడా మిగల్లేదు.

పొద్దుగుంకినాక, ఇరుసు కింద లాంతరు ఊగుతా
వచ్చింది నాలుగో బండి.
దాపట సున్నపోడు,
వలపట అరువు తెచ్చుకున్న పొట్టి నాటెద్దు.
కాడి ఆ పక్కకి వాలి ఉంది.
మాలకొండయ్య బండి మీద లేడు,
మన్నేటి ఇసక కాణ్ణించి నడిచే వస్తన్నాడు,
చెప్పులు బండిలో.

కంచె అవతల కాపలా పిల్లోడు, బీహారోడు,
మా మాట రానోడు,
ఎద్దుల్ని చూశాడు, చక్రాన్ని చూశాడు.
నేను సముద్రం వైపు చెయ్యి చూపించా, అంతే.
రంగుల డబ్బా పట్టుకోని చీకట్లోకి పరిగెత్తి
సగం ఒలకబోసుకుంటా తెచ్చి
కంచె సందులోంచి చక్రం మీద పోశాడు.
కాడి విప్పగానే పొట్టెద్దు వెనక్కి తిరిగి
ఇనపపట్టా మీది ఉప్పు నాకింది.

లాంతరు వెలుగులో రాశా:
సున్నపోడు.
దాని పక్కన రెండో పేరు అడిగితే
మాలకొండయ్య తల గోక్కున్నాడు,
అరువిచ్చినోడు చెప్పలేదంట.
గడి ఖాళీగా వదిలా.
జ్వరం నూటొకటిన్నర.
ఎద్దుకది జ్వరం కాదు.